మూడింటికల్లా ఒక పేరు

"మూడు గంటలకి వస్తాను, డైరెక్టర్ తక్. నేను కుర్చీలో కూర్చునేలోపు నాకో పేరు కావాలి."

అమెరికన్ల తరఫున మాతో చర్చలు నడిపే వోస్‌బర్గ్ కొరియన్ బాగా మాట్లాడతాడు. కోపం వచ్చినప్పుడు ఇంకా బాగా మాట్లాడతాడు. ఫోన్ చెవికి ఆనించుకుని గోడ గడియారం చూశాను. పదకొండుంపావు.

"దర్యాప్తు జరుగుతోందండీ," అన్నాను.

"జరుగుతుంది, నాకు తెలుసు. ఈ ఊళ్లో పదకొండేళ్లున్నాను. ముందొక చిన్న ఉద్యోగి దొరుకుతాడు. తల దించుకుని టీవీలో కనిపిస్తాడు. మీరంతా వరసగా నిలబడి క్షమాపణ చెబుతారు. ఈసారి ఆ నాటకం వద్దు. మీరిచ్చే పేరుని మేమూ సరిచూసుకుంటాం. అన్నట్టు, పన్నెండు నుంచి మీ రెండో తెర పనిచెయ్యదు. ఏవో నిర్వహణ పనులున్నాయట."

"ఎంతసేపు?"

"పని అయ్యేదాకా."

ఫోన్ పెట్టేశాడు.

మా భవనం కింది అంతస్తులో, కిటికీలు లేని గదిలో, రెండు తెరలుంటాయి. మొదటిది మన రాడార్లది. ఉత్తరాన ఎవరైనా క్షిపణి వదిలితే అది కొండల పైకి లేచాకే దీనికి కనిపిస్తుంది. రెండోది అమెరికా ఉపగ్రహానిది. నిప్పంటుకున్న క్షణంలోనే దానికి తెలుస్తుంది. రెంటికీ మధ్య తేడా తొంభై సెకన్లు. సియోల్‌లో తొంభై సెకన్లంటే ఒక బడి పిల్లల్ని మెట్లు దించి నేలమాళిగలో పెట్టేంత సమయం. ఆ తొంభై సెకన్లే ఇప్పుడు వోస్‌బర్గ్ జేబులో పెట్టుకున్నాడు.

నాలుగు గంటలు కూడా లేవు.

గొడవ మొదలైంది పొద్దున పత్రికతో. మొదటి పేజీలో, సగం పేజీ మేర, ఒక ఫొటో. మా రహస్య పత్రంలోని మూడంటే మూడు వరసలు. దక్షిణాది స్థావరంలో ఉన్న రెండు క్షిపణి నిరోధక దళాల్ని అమెరికా పశ్చిమాసియాకి తరలిస్తానంటోంది. దాని మీద మూడు వారాలుగా మా విదేశాంగ బృందం వాళ్లతో చర్చలు నడుపుతోంది. పైకి మేం గట్టిగా ఉన్నట్టు కనిపిస్తున్నాం. లోపలి మాట మాత్రం ఆ మూడు వరసల్లో ఉంది: 'తరలింపుపై బహిరంగంగా అసంతృప్తి తెలిపినప్పటికీ, అమెరికా పట్టుబట్టిన పక్షంలో మన వైపు నుంచి అడ్డుచెప్పరాదు.'

ఏడింటికి అమెరికన్లు చదివారు. తొమ్మిదింటికల్లా గ్వాంగ్‌హ్వామున్ కూడలి నిరసనకారులతో నిండిపోయింది. బయట పసుపు దుమ్ము గాలి, ఏటా వసంతంలో ఎడారుల నుంచి వచ్చేది. మూడు రోజులుగా కిటికీలు తెరవలేదు. అయినా జనం నినాదాలు అద్దాల్లోంచి వినబడుతూనే ఉన్నాయి.

ఆ పత్రం అచ్చువేసింది నేను. నంబర్లు వేసింది నేను. ఏడు ప్రతులు, ఒక్కొక్కటి ఆరు పేజీలు. సోమవారం పొద్దున పంచి, సాయంత్రం తిరిగి తీసుకుని, రిజిస్టరులో సంతకాలు చేయించుకున్నది నేను. కాబట్టి ఇప్పుడు ఇంకో సంతకం కూడా నాదే కావాలట.

"ఇక్కడ, మేడమ్." దర్యాప్తు అధికారి బోంగ్ నా బల్ల మీద ఒక కాగితం పెట్టాడు. బొద్దుగా ఉంటాడు. ఎప్పుడూ ఏదో నములుతుంటాడు. "ఏడు ప్రతుల్లో భవనం దాటి వెళ్లింది ఐదో నంబరు ఒక్కటే. గేటు కెమెరాలో ఉంది. రికార్డుల అధికారిగా మీరు ధ్రువీకరిస్తే చాలు."

ఐదో నంబరు లెఫ్టినెంట్ కల్నల్ గుక్ జోంగ్‌తేది. రక్షణ శాఖ తరఫున మా బృందంలో ఉన్న అనుసంధాన అధికారి.

"మిగతా ప్రతులు పోల్చి చూశారా?"

"చూశాం. ఏడింట్లోనూ ఒకే మాటలు. ఫొటోలోనూ అవే మాటలు. ఇంకేం చూడాలి? బయటికెళ్లిందేమో ఒక్కటే."

"ఆయనతో మాట్లాడాలి."

"పది నిమిషాలు. మూడుంపావుకి ఆయన్ని తీసుకెళ్లే వ్యాన్ వస్తుంది. గేటు దగ్గర కెమెరాలు అప్పుడే కుర్చీలేసుకుని కూర్చున్నాయి."

పక్క గదిలో గుక్ నిటారుగా కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద ఉన్నాయి. యూనిఫాం ఇస్త్రీ మడత చెదరలేదు. నన్ను చూసి లేచాడు.

"తిన్నారా, మేడమ్?"

"నా తిండి సంగతి తర్వాత. సోమవారం మధ్యాహ్నం నలభై నిమిషాలు ఎక్కడికెళ్లారు కల్నల్ గారూ?"

"భోజనానికి."

"ఫైలుతోనా?"

"దానికీ ఆకలేసిందన్నది."

"నవ్వే ఓపిక లేదు నాకు. ఎవరికి చూపించారు?"

ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "మా జనరల్ ఫోన్ చేశారు. 'విదేశాంగం వాళ్లు ముందే చదివేసిన కాగితాన్ని నేను పత్రికలో చదవాలా? పట్రా ఇలా' అన్నారు. పట్టుకెళ్లాను. కారు వెనక సీట్లో కూర్చుని పది నిమిషాలు చదివారు. తిరిగిచ్చారు. ఫోన్ కూడా బయటికి తియ్యలేదు. నా కళ్లెదురుగానే ఉన్నారు."

"ఏ జనరల్?"

"అది చెప్పను."

"కల్నల్ గారూ, ఇది సైనిక రహస్యం బయటపెట్టిన కేసు. జైలుకెళ్తారు."

"తెలుసు. కానీ నేను సైన్యంలో ఉన్నాను, మేడమ్. పట్రా అంటే పట్టుకెళ్తాం. ఎవరన్నారంటే మాత్రం నోరు మూసుకుంటాం. నా కింద పనిచేసినవాళ్లు నా కోసం అలాగే చేశారు. మా ఆవిడకి ఏం చెప్పాలన్నదే తెలియట్లేదు. జనరల్ కంటే ఆవిడంటేనే ఎక్కువ భయం నాకు."

గుక్ చెప్పకపోయినా ఆ జనరల్ ఎవరో ఊహించడం కష్టం కాదు. ఆయన కార్యాలయానికి ఫోన్ చేశాను. సహాయకుడు చాలా మర్యాదగా మాట్లాడాడు. జనరల్‌గారు సోమవారం భవనం దాటనేలేదట. లెఫ్టినెంట్ కల్నల్ గుక్ అనే పేరు తనెప్పుడూ వినలేదట. గుక్ అదే అంతస్తులో నాలుగేళ్లు పనిచేశాడు.

అయితే గుక్ అబద్ధం చెప్పలేదు. ఆ సంగతి నాకు ఆ మర్యాదలోనే తెలిసిపోయింది. కానీ నాకు తెలిస్తే ఎవరికి కావాలి?

పన్నెండైంది. కిందనుంచి కబురొచ్చింది. రెండో తెర నల్లబడింది.

"సెరిన్! ఇలా రామ్మా."

రాయబారిగారి పిలుపు. మా బృందం నాయకుడు. అరవై ఎనిమిదేళ్లు. పదవీ విరమణ చేసి ఎనిమిదేళ్లయినా అందరికీ ఇంకా రాయబారిగారే. అమెరికన్లతో బేరం కుదరాలంటే ఆయనే కావాలని వెనక్కి పిలిపించారు. నేను ఇరవై రెండేళ్ల వయసులో ఆయన గదిలో కాఫీ కలపడంతో మొదలుపెట్టి, ఆయన వెనక నడుస్తూనే డైరెక్టర్ దాకా వచ్చాను.

బల్ల మీద రెండు జజంగ్‌మ్యోన్ గిన్నెలున్నాయి. నల్ల సాసు ఇంకా నూడుల్స్ మీదే ఉంది. ఆయన నా గిన్నె తన ముందుకి లాక్కుని, పుల్లలతో గబగబా కలిపి, నా వైపు తోశారు.

"తిను. ఉబ్బిందంటే రబ్బరైపోతుంది."

"ఆకలి లేదండీ."

"ఆకలి లేకపోయినా తినాలి. మూడింటికి వోస్‌బర్గ్ ముందు నీ పొట్ట అరిస్తే దేశం పరువు పోతుంది." నవ్వారు. "బోంగ్ కాగితం మీద సంతకం చేశావా?"

"లేదు. గుక్ కాదనిపిస్తోందండీ."

"అనిపించడానికి టైం ఉందా?" ముల్లంగి ముక్క నోట్లో వేసుకున్నారు. "గుక్ నియమం తప్పాడా, లేదా?"

"తప్పాడు. కానీ లీక్ చెయ్యలేదు."

"సగం తప్పు చేసినవాడికి మిగతా సగం కూడా అంటుకుంటుంది. మనం చేసేదేం లేదు."

"చిన్నవాడి పేరు చెప్పొద్దన్నాడు వోస్‌బర్గ్."

"వోస్‌బర్గ్ పుట్టకముందు నుంచి అమెరికన్లు ఆ మాట అంటూనే ఉన్నారు. తర్వాత ఆ చిన్న పేరే తీసుకుని ఇంటికెళ్తారు. వాళ్లకీ చెప్పుకోడానికి ఒక పేరు కావాలి అంతే." పుల్లలు కింద పెట్టారు. "రెండింటికి నా మాటల కాగితం తయారుచెయ్యి. ఒక్క పేజీ. పత్రికలో వచ్చిన ఆ పేరా అలాగే పెట్టు. దాన్ని కాదనలేం కాబట్టి, అది చర్చ కోసం రాసుకున్న ఒక ఆలోచన మాత్రమేనని చెబుతాను."

నా గదికి వచ్చాను. సాచెట్ చింపి కాగితం కప్పులో కాఫీ కలుపుకున్నాను. తాగలేదు. బోంగ్ కాగితం ఒక పక్క, పొద్దున పత్రిక ఇంకో పక్క. ఒంటి గంటా పదిహేను.

రాయడం మొదలుపెట్టాను. నాలుగు వాక్యాల పలకరింపు. ఒక వాక్యం విచారం. తర్వాత ఆ పేరా. మూల పత్రంలోంచి తెచ్చి అక్కడ పెట్టాను. చివరికి అలవాటుకొద్దీ అక్షరాల సైజు పెంచాను.

ఇది మా దగ్గర ఎవరూ ప్రత్యేకంగా నేర్పని పని. పెద్దవాళ్లకిచ్చే కాగితాన్ని పెద్ద అక్షరాల్లో అచ్చువేస్తాం. అడగరు, అడిగించుకోం. రాయబారిగారు అమెరికన్ల ముందు కళ్లద్దాలు పెట్టుకోరు. అందుకని ఇరవై ఒక్క ఏళ్లుగా, ఆయన కాగితం నా చేతికొచ్చిన ప్రతిసారీ పదమూడు సైజులో రాసి, పదహారులో అచ్చువేస్తున్నాను.

అక్షరాలు ఉబ్బాయి. పేరా పక్కకి జరిగి, కిందికి దిగి, మూడు వరసలైంది.

మొదటి వరస 'అసంతృప్తి' దగ్గర ఆగింది. రెండోది 'పట్టుబట్టిన' దగ్గర ఆగింది.

పత్రిక వైపు చూశాను.

'అసంతృప్తి.' 'పట్టుబట్టిన.'

సైజు తగ్గించాను. పదమూడు. పేరా రెండు వరసలైంది. మళ్లీ పెంచాను. మూడు. మళ్లీ తగ్గించాను. రెండు. మోచెయ్యి తగిలి కాఫీ బల్ల మీద ఒలికింది. తుడవలేదు.

ఆ ఫొటోని పొద్దున్నుంచి ఇరవై సార్లు చూసి ఉంటాను. మాటలు చూశాను, వరసలు చూడలేదు. బోంగ్ కూడా అంతే. ఫొటోని పత్రికవాళ్లు అరచెయ్యంత పెద్దది చేసి వేశారు కాబట్టి అక్షరాల సైజు ఎవరికీ తట్టలేదు. రిజిస్టరులో ఉన్న ఏడు ప్రతుల్లోనూ ఆ పేరా రెండు వరసలే. గుక్ ప్రతిలోనూ రెండే. ఫొటోలో మూడున్నాయి.

ఆ ఫొటో ఎనిమిదో ప్రతిది.

ఎనిమిదో ప్రతి ఉందని ఈ ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. సోమవారం ఒకటో నంబరు ప్రతితో పాటు పెద్ద అక్షరాల ప్రతి ఒకటి, తొమ్మిది పేజీలది, ఆయన బల్ల మీద పెట్టాను. దానికి నంబరు వెయ్యలేదు, రిజిస్టరులో రాయలేదు. ఎప్పుడూ రాయలేదు కూడా. మర్యాదకి నంబరేమిటి? సాయంత్రం వెళ్లేసరికి ఒకటో నంబరు నలగకుండా అలాగే ఉంది. రెండోదేదండీ అంటే, "నేనే మిషన్లో వేసి ముక్కలు చేశాలేమ్మా, నీకో పని తగ్గింది" అన్నారు.

థాంక్సండీ అని కూడా అన్నాను.

ఆ పేజీ పెద్ద అక్షరాల్లో అచ్చువేసుకుని ఆయన గదికి ఎలా వెళ్లానో గుర్తులేదు. తలుపు కొట్టకుండా వెళ్లానని మాత్రం గుర్తుంది. ఆయన గదిమూల వాష్‌బేసిన్ దగ్గర నిలబడి పళ్లు తోముకుంటున్నారు. అన్నం తిన్నాక ఈ భవనంలో అందరం చేసే పనే. అద్దంలో నన్ను చూసి కనుబొమలు ఎత్తారు.

"పెద్దక్షరాల ప్రతి ఎక్కడుందండీ?"

ఆయన తీరిగ్గా పుక్కిలించారు. బ్రష్షు కడిగి గ్లాసులో పెట్టారు. "ముక్కలు చేశానని చెప్పాగా."

"ముక్కలైన కాగితం పొద్దున పత్రికలోకి ఎలా వచ్చిందండీ?"

తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ నా చేతిలో కాగితం తీసుకున్నారు. చెయ్యి చాచి దూరంగా పట్టుకుని వరసలు చూశారు. ఆయనకి అర్థం కావడానికి అట్టే సేపు పట్టలేదు.

"తెలివైనదానివి," అన్నారు. "నిన్ను నేనే తయారుచేశాను కదా."

"ఎందుకు చేశారండీ ఈ పని?"

"కూర్చో."

"నిలబడతాను."

"సరే, నిలబడు." తనూ నిలబడే ఉన్నారు. "ఆ రెండు దళాలూ పోతే దక్షిణాన రెండు నగరాల నెత్తిన గొడుగు లేదు. మూడు వారాలు మొత్తుకున్నాను. పైవాళ్లేమో, అమెరికాకి కోపమొస్తుంది, ఒప్పేసుకోండన్నారు. వోస్‌బర్గ్‌నడిగితే, మిమ్మల్ని సంప్రదిస్తున్నాం కదా అంటాడు. వాళ్లు సంప్రదించడమంటే ఏంటో తెలుసా? సామాను విమానమెక్కించాక ఫోన్ చెయ్యడం."

"అందుకని పత్రికకిస్తారా?"

"కిటికీ దగ్గరికెళ్లి విను. వింటున్నావా? ఇప్పుడు ఏ మంత్రైనా సరేనని సంతకం పెట్టగలడా? పెట్టలేడు. వాషింగ్టన్‌కి నా వాదన వినపడదు సెరిన్. ఆ వీధి గోల వినపడుతుంది. మనలాంటి దేశం చేతిలో ఉన్న సరుకు అదొక్కటే. ఆ దళాలు ఇక కదలవు. రాసిపెట్టుకో."

ఆయన చెప్పినదాంట్లో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అందుకే భయమేసింది.

"మరి కల్నల్ గారో?"

"రెండేళ్లు వేస్తారు. అప్పీల్లో ఏడాదవుతుంది. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటారండీ? ఆయనకి బదులు వెళ్లి పడుకుంటారా?"

మొదటిసారి ఆయన మొహంలో నవ్వు పోయింది. "నా పేరు బయటికొస్తే ఏమవుతుందో ఆలోచించావా? కొరియా చర్చల నాయకుడే రహస్యం అమ్మేశాడంటారు. ఇక పదేళ్లు ఈ దేశానికి ఎవరూ ఏదీ చెప్పరు. కింద ఆ తెర నల్లగానే ఉంటుంది. ఒక కల్నల్ ఏడాది జైలు ఒక పక్క. ఐదు కోట్ల మంది తొంభై సెకన్లు ఇంకో పక్క. నువ్వే తూచు."

"మనమిచ్చే పేరుని వాళ్లు సరిచూసుకుంటామన్నారు. అబద్ధమని తేలితే ఆ తెర ఎప్పటికీ వెలగదు కదండీ?"

"తేలదు. ఎనిమిదో ప్రతి సంగతి తెలిసింది మనిద్దరికే." ఒక అడుగు దగ్గరికొచ్చారు. "నంబరు లేకుండా రహస్య పత్రం అచ్చువేసింది నువ్వు. నా పేరు చెప్పిన నోటితో నీ పేరూ చెప్పాలి. ఉద్యోగం పోతుంది. కేసు కూడా పడొచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు, సెరిన్."

"తెలుసండీ."

"మీ అమ్మ పోయినప్పుడు మూడు రోజులూ అంత్యక్రియల హాల్లో నీ పక్కన కూర్చున్నాను. మీ బంధువులు కూడా అన్ని రోజులు ఉండలేదు."

నిజంగానే కూర్చున్నారు. మూడో రోజు నా చేత బలవంతాన సూప్ తాగించింది ఆయనే. నమస్కారం కూడా చెయ్యకుండా బయటికొచ్చేశాను.

రెండున్నర.

బోంగ్ మెట్ల దగ్గర ఏదో నములుతూ దొరికాడు. అంతా చెప్పాను. మళ్లీ అచ్చువేసిన పేజీని, పత్రికని పక్కపక్కన పట్టుకుని చూపించాను. నమలడం ఆపేశాడు.

"అమ్మబాబోయ్," అన్నాడు. కాసేపు వరసలు లెక్కపెట్టాడు. తర్వాత కాగితాలు రెండూ నా చేతిలో పెట్టేశాడు. "మేడమ్, నేనివి చూడలేదు."

"చూశారు కదా!"

"అంత పెద్దాయన మీద నేను కాగితం కదపాలంటే పైన ఏడుగురు సంతకాలు పెట్టాలి. వారం పడుతుంది. ఆ ఏడుగురిలో నలుగురు ఆయన శిష్యులే. మూడింటికి గుక్ కాగితం ఇవ్వమని నాకు ఆర్డరుంది."

"మూడుంపావుకి ఆయన్ని కెమెరాల ముందు నడిపించేస్తారు. తర్వాత ఎవరు వెనక్కి తీసుకుంటారండీ? నిజం తెలిసినా ఎవరూ తీసుకోరు."

"నిజమే." నేల చూపులు చూశాడు. "నేను చేయగలిగింది ఒక్కటే. మీరు సంతకం పెట్టకపోతే, పెట్టించలేను."

"అదొక్కటి చాలు," అన్నాను. చాలదని ఇద్దరికీ తెలుసు.

సమావేశ గదికి వెళ్లే దారిలో పక్క గది తలుపు కాస్త తెరిచి ఉంది. గుక్ టోపీ ఒళ్లో పెట్టుకుని, ఫోన్‌లో ఏదో రాసి చెరిపేస్తున్నాడు. మళ్లీ రాస్తున్నాడు. వాళ్లావిడకే అయ్యుంటుంది. నన్ను చూడలేదు.

మూడింటికి ఒక నిమిషం ముందు వోస్‌బర్గ్ వచ్చాడు. వెనక యూనిఫాంలో ఇద్దరు. దుమ్ముకి కళ్లు ఎర్రబడ్డాయి. ముక్కు మీది మాస్కు తీసి జేబులో కుక్కుకున్నాడు. బల్లకి అటు ముగ్గురు. ఇటు రాయబారిగారు మధ్యలో, ఆయనకి కుడివైపు నేను, ఎడమవైపు బోంగ్. రాయబారిగారి ముందు పెద్ద అక్షరాల కాగితం. దాన్ని కూడా నేనే పెట్టాను.

"ముందుగా మా ప్రభుత్వం తరఫున విచారం తెలియజేస్తున్నాను," రాయబారిగారు మొదలుపెట్టారు. గొంతులో ఒక్క జీర లేదు. "ఇరవై నాలుగు గంటలు గడవకముందే బాధ్యుణ్ణి గుర్తించాం. మా బృందంలోని ఒక సైనికాధికారి నియమాలు ఉల్లంఘించి పత్రాన్ని భవనం దాటించారు."

"ఏ స్థాయి అధికారి?" వోస్‌బర్గ్ అడిగాడు.

"లెఫ్టినెంట్ కల్నల్."

వోస్‌బర్గ్ పక్కనున్న ఇద్దరి వైపు చూడలేదు. నా వైపు చూశాడు. పొద్దున ఫోన్‌లో విన్న మాటలన్నీ ఆ చూపులో ఉన్నాయి.

"ధ్రువీకరణ కాగితం చూపిస్తారా?"

బోంగ్ కాగితాన్ని మెల్లగా, చాలా మెల్లగా, బల్ల మీద నుంచి అటు తోశాడు. వోస్‌బర్గ్ చివరిదాకా చదివాడు. కింద ఖాళీగా ఉన్న చోట వేలుపెట్టాడు.

"సంతకం లేదు."

రాయబారిగారు నా వైపు తిరగలేదు. "డైరెక్టర్ తక్‌కి పొద్దున్నుంచి ఒంట్లో బాగాలేదు. వెళ్లి కాస్త పడుకోమ్మా సెరిన్. తర్వాత పెడుదువుగాని."

గొంతులో ప్రేమే ఉంది. వెళ్లిపోవచ్చు నేను. తలుపు ఆరడుగుల దూరంలో ఉంది. వెళ్లిపోతే నేనేమీ అబద్ధం చెప్పినట్టు కాదు. బోంగ్ ఇంకెవరి చేతనో పెట్టిస్తాడు సంతకం. పదిహేను నిమిషాల్లో వ్యాన్ కదులుతుంది. సాయంత్రం గుక్ వాళ్లావిడ వంటింట్లో టీవీ ముందు నిలబడి, ఆయన టోపీ లేని తల వంచుకుని నడవడం చూస్తుంది.

లేచి నిలబడ్డాను. వెళ్లిపోతున్నాననుకుని అందరూ కుర్చీలు సర్దుకున్నారు.

"ఆ కాగితం మీద నేను సంతకం పెట్టను," అన్నాను. "ఐదో నంబరు ప్రతి బయటికి వెళ్లింది నిజమే. పత్రికలో వచ్చింది అది కాదు. వచ్చింది ఎనిమిదో ప్రతి. దానికి నంబరు లేదు, రిజిస్టరులో రాయలేదు. దాన్ని అచ్చువేసింది నేను, రాయనిదీ నేనే. ఆ తప్పు నాది. దానికి ఏ శిక్ష వేసినా తీసుకుంటాను."

"సెరిన్." రాయబారిగారి గొంతు చాలా చిన్నగా వినబడింది. "కూర్చో."

"ఆ ప్రతి ఎవరి చేతికిచ్చారు?" వోస్‌బర్గ్ ముందుకి వంగాడు.

కింద ఒక తెర నల్లగా ఉంది. అది నా మాటతో వెలుగుతుందో, పదేళ్లు నల్లగానే ఉండిపోతుందో నాకు తెలియదు. ఆయన చెప్పిందే నిజమవ్వచ్చు. పక్కగదిలో ఉన్న మనిషి మాత్రం ఆ పని చెయ్యలేదు. నాకు ఖాయంగా తెలిసింది అదొక్కటే.

మా దగ్గర పెద్దవాళ్ల పేరు పలకం. హోదా పలుకుతాం. హోదా పోయినా అదే పలుకుతాం. ఇరవై ఒక్క ఏళ్లలో ఆయన పేరు నా నోటివెంట ఒక్కసారి కూడా రాలేదు. ఎదురుగా రాలేదు, చాటుగా రాలేదు, ఇంట్లో మా అమ్మతో మాట్లాడుతున్నప్పుడు కూడా రాలేదు. నోరు తెరిచాక మొదటి అక్షరం దగ్గరే నాలుక మొరాయించింది. బోంగ్ తల దించుకున్నాడు. రాయబారిగారు మొదటిసారి నా వైపు తిరిగి, నేను అనబోయేదేమిటో అర్థమై, వద్దన్నట్టు తల ఆడించారు.

"మ్యోంగ్ ఇఖ్వాన్," అన్నాను.